మారినవి మాత్రమే చూడవలెను

గోరింతపాడు పురపాలక సంఘం ఆఫీసులో కంప్యూటర్లు పొద్దున పదింటికి తెరుచుకునేవి. పని మాత్రం మధ్యాహ్నం భోజనాల వేళకు గానీ మొదలయ్యేది కాదు. ఆ నడుమంతా కంప్యూటర్లు తమను తాము పరీక్షించుకునేవి. ఎక్కడైనా వైరస్ దూరిందేమోనని, ఎప్పుడో కాలం చెల్లిన కుళాయి పన్ను రశీదులతో సహా ఉన్న ఫైళ్ళన్నిటినీ ఒక్కొక్కటిగా తడిమి చూసుకునేవి. తెరమీద పచ్చగీత నత్తనడకన పాకుతుంటే గుమస్తాలు దాని ఎదుట చేతులు కట్టుకుని కూర్చునేవారు. జనన ధ్రువపత్రం కోసం వచ్చినవాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి "అయ్యిందాండీ?" అంటే, "ఇంకా చూసుకుంటోందండీ" అని జవాబు వచ్చేది. జనం కూడా అలవాటుపడిపోయి, కంప్యూటరుగారి స్నానపానాలు అయ్యాకే పోదామని తీరిగ్గా బయల్దేరేవారు.

కొన్నేళ్ళపాటు దీనివల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఎవరికీ అంటే ఆఫీసులోవాళ్ళకని అర్థం. ఒకనాడు కమిషనరు వేదాద్రిగారు రాజధానికి అత్యవసరంగా ఓ నివేదిక పంపాల్సి వచ్చింది. పైఅధికారి ఫోను మీద ఫోను చేస్తున్నాడు. కంప్యూటరేమో పచ్చగీత దగ్గరే ఉంది. వేదాద్రిగారి తల ప్రాణం తోకకొచ్చింది. కంప్యూటర్ల మరమ్మతులు చూసే ఇమ్మానుయేల్‌ని పిలిపించారు.

అప్పటికే ఆ గదిలో ఓ సంతకం కోసం అసిస్టెంట్ ఇంజనీరు వకుళ నిలబడి ఉంది. నీటి సరఫరా ఆమె విభాగం. అందువల్ల తర్వాత ఊరంతటినీ చుట్టుకున్న ఆ మాట పుట్టడం కళ్ళారా చూసే భాగ్యం ఆమెకు దక్కింది.

"ఏమయ్యా, నిన్న చూసిందే ఇవాళా చూస్తుందా ఇది?" అన్నారు కమిషనరుగారు.

"అవునండి. రోజూ మొత్తం చూస్తదండి."

"నిన్నటికీ ఇవాళ్టికీ ఆ ఫైళ్ళు మారాయా?"

"చాలామటుకు మారవండి. కావాలంటే మారినవాటినే చూసేలా పెట్టొచ్చండి, ఇట్టే అయిపోద్ది. కాకపోతే ముందోసారి మొత్తం శుభ్రంగా చూసుకోవాలండి. అన్నీ బాగున్నాయని తేలాక అప్పుడు మారినవాటిని..."

కమిషనరుగారు "కాకపోతే" దగ్గరే వినడం మానేశారు. కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా నడిచి, వెనక్కి తిరిగారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"మారనిదాన్ని చూడనక్కర్లేదు!" అన్నారు. "ఎంత గొప్ప సూత్రమయ్యా! దీన్ని కంప్యూటర్లకే పరిమితం చెయ్యడం అన్యాయం."

వకుళ సంతకం లేని కాగితం పట్టుకుని బయటికి వచ్చేసింది.

మర్నాటినుంచి కంప్యూటర్లు తెరుచుకోవడంతోనే పనిలోకి దిగాయి. "ముందోసారి మొత్తం" చూడటం జరగలేదు, దానికి తీరిక లేదన్నారు. అకౌంట్స్ గదిలో ఓ కంప్యూటరులో చాలాకాలంగా కాపురముంటున్న వైరస్ ఒకటి ఉంది. సాయంత్రం నాలుగు కాగానే తెరమీద ఓ కోతి వచ్చి పిల్లిమొగ్గలు వేసేది. దాన్ని చూసి సిబ్బంది టీకి లేచేవారు. ఆ కోతి ఎన్నడూ మారలేదు కాబట్టి ఇకమీదట దాని జోలికి పోయేవాళ్ళే లేరు.

"దానికి శాశ్వత నివాస పట్టా ఇచ్చేశామండి మేడం" అన్నాడు ఇమ్మానుయేల్ దిగులుగా.

వారం తిరక్కుండా కమిషనరుగారు అన్ని విభాగాలవాళ్ళనూ కూర్చోబెట్టి ఉత్తర్వు చదివి వినిపించారు. "మార్పు చెందని కట్టడములను, సంస్థలను, వ్యక్తులను పదేపదే తనిఖీ చేయుట వలన సిబ్బంది యొక్క అమూల్యమైన కాలము వృథా యగుచున్నందున, ఇకమీదట గత తనిఖీ తదుపరి మార్పు చెందినవాటిని మాత్రమే, అదియును మార్పు చెందిన మేరకు మాత్రమే, తనిఖీ చేయవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది."

అందరూ బల్లలు చరిచారు. వకుళ లేచి నిలబడింది.

"సార్, గత తనిఖీ అసలు జరగనివి కొన్ని ఉన్నాయండి. వాటి సంగతి?"

"జరగలేదని మీరెలా అంటారమ్మా?" అన్నారు వేదాద్రిగారు నొచ్చుకుంటూ. "మనకు ముందు ఈ కుర్చీలలో కూర్చున్న పెద్దలందరూ కళ్ళు మూసుకుని పనిచేశారంటారా? పూర్వాధికారుల దీక్షాదక్షతలను శంకించుట ఈ కార్యాలయ సంప్రదాయము కాదు."

పూర్వాధికారుల్లో ముగ్గురి ఫోటోలు గోడమీద ఉన్నాయి. అందరూ భక్తిగా అటు చూశారు. వకుళ కూర్చుంది.

ఆమె అడిగింది ఊరికే కాదు. కుమ్మరిపేట ప్రాథమిక పాఠశాల ఆవరణలో ఓ పాత మంచినీళ్ళ ట్యాంకు ఉంది. నాలుగు స్తంభాల మీద, నిండుగా నీళ్ళతో, బడి కంటే ఎత్తుగా నిలబడి ఉంటుంది. దాని ఓ స్తంభానికి నిలువునా పగులు. పగుల్లో వేళ్ళు దూరతాయి. ట్యాంకు అడుగునుంచి చుక్క చుక్కగా నీరు కారుతుంది. ఆ బడికి వరండా లేదు, ఒక్క చెట్టు లేదు. మధ్యాహ్నం అన్నాలకు పిల్లలందరూ ట్యాంకు నీడలోనే బారులు తీరి కూర్చుంటారు. పైనుంచి పడే చుక్క ఎవరి అరచేతిలో పడితే వాళ్ళు ఆ పూటకు రాజు. వాళ్ళకదో ఆట.

ట్యాంకు ఖాళీ చేయించాలన్నా కూల్చాలన్నా నిపుణుల సంఘం వచ్చి చూసి మాట చెప్పాలి. అసిస్టెంట్ ఇంజనీరు మాట చెల్లదు. కాళ్ళరిగేలా తిరిగి వకుళ ఆ సంఘాన్ని ఒప్పించింది. వచ్చే నెలలో వస్తామన్నారు. ఈలోగా ఈ ఉత్తర్వు వచ్చిపడింది. ఆ ట్యాంకు తన విభాగంలోది. అది కూలితే పోయేది తన ఉద్యోగమే అయితే ఆమెకంత భయం ఉండేది కాదు.

ఊరు మాత్రం కొత్త పద్ధతిని త్వరగానే ఆకళింపు చేసుకుంది. బజారులో సత్తెమ్మ కాఫీ హోటలు ఉంది. ఆ మనిషికి శుభ్రం పిచ్చి. పండక్కి సున్నం వేయించింది, కొత్త పొయ్యి పెట్టింది. ఇంకేముంది, సున్నం మారిందని ఒకరు, పొయ్యి మారిందని ఒకరు, పొద్దున్నే తనిఖీకి దిగడం మొదలుపెట్టారు. రోజూ గిన్నెలు తోముతుందని తెలిసి రోజూ వచ్చారు. ఎదురుగా ఉన్న మిరపకాయబజ్జీల కొట్టుకు మాత్రం ఎవరూ వెళ్ళలేదు.

"నూనె ఏమన్నా మార్చావా?" అని రోడ్డుమీదినుంచే అడిగేవాడు ఇన్‌స్పెక్టరు.

"అమ్మవారి మీద ఒట్టండి, నేను కొట్టు పెట్టిన కాణ్నించీ మార్చలేదు."

"శభాష్!"

ఆ కొట్టుకు "విశ్వసనీయ సంస్థ" అని బోర్డు ఇచ్చారు. సత్తెమ్మ కొన్నాళ్ళు ఓర్చుకుని, చివరికి గిన్నెలు తోమడం తగ్గించింది. తనిఖీలు తగ్గాయి.

పింఛనుదారులు ఏడాదికోసారి ఆఫీసుకు వచ్చి బతికే ఉన్నామని నిరూపించుకోవాలి కదా, అది కూడా ఎత్తేశారు. నిరుటికీ ఇప్పటికీ మార్పు చెందినవారు మాత్రమే, అనగా మరణించినవారు మాత్రమే, స్వయముగా హాజరై ఆ విషయము ధ్రువీకరించవలెనన్నారు. ఒక్కరూ హాజరు కాలేదు. ఆ ఏడు గోరింతపాడులో వృద్ధుల ఆరోగ్యం అద్భుతంగా ఉన్నదని కమిషనరుగారికి ప్రశంస వచ్చింది.

రోడ్డుమీద గుంట పూడిస్తే అది మార్పు, తనిఖీ తప్పదు. వదిలేస్తే మార్పు లేదు. కాంట్రాక్టర్లు ఇది గ్రహించడానికి ఒక్క పూట కూడా పట్టలేదు. ఊళ్ళో ఎవరూ ఏదీ బాగుచెయ్యడం లేదు కాబట్టి చూడాల్సినవీ తగ్గిపోయాయి. తనిఖీలన్నీ పొద్దున్నే పూర్తయ్యేవి. మిగిలిన రోజంతా సిబ్బంది తనిఖీలు ఎంత వేగంగా పూర్తయ్యాయో నివేదికలు రాసేవారు.

వకుళ నిపుణుల సంఘం అధ్యక్షుడు దక్షిణామూర్తిగారి దగ్గరకు వెళ్ళింది. ఆయన పెద్ద ఇంజనీరు, మంచివాడు, ఎవరినీ కసురుకోడు. వచ్చినవాళ్ళకు టీ ఇప్పించి మరీ పని కాదని చెబుతాడు.

"పగులు ఎప్పటిదమ్మా?"

"నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉందండి."

"మరింకేం, పాత పగులే కదా."

"పెరుగుతోందండి."

"ఇదివరకు ఎంత ఉండేది?"

"ఎవరూ కొలవలేదండి."

"కొలవనిది పెరగడమేమిటమ్మా?" అన్నారాయన జాలిగా. "పాత పగుళ్ళ గురించి మనసు పాడుచేసుకోకండి. టీ తాగండి, చల్లారిపోతోంది."

టీ తాగుతుంటే వకుళకు ఉపాయం తట్టింది. ట్యాంకు మారితే చాలు కదా, మారుద్దాం! నిర్వహణ పద్దులో రంగులకు డబ్బుంది. మర్నాడే ఇద్దరు పెయింటర్లను పంపి ట్యాంకుకు, స్తంభాలకు ఆకాశంరంగు వేయించింది. పిల్లలు కేరింతలు కొట్టారు. రంగు ఆరకముందే నిపుణుల సంఘం జీపులో దిగింది.

వకుళ ఎదురెళ్ళి దణ్ణం పెట్టింది. సంఘం సభ్యులు సంచీలోంచి రంగుల అట్ట తీశారు. ట్యాంకు పక్కన పెట్టి ఏ నీలమో పోల్చి చూశారు. ఒకాయన గోటితో గీకాడు. ఒకాయన వాసన చూశాడు. రంగుకు ఎండపొడ ఎలా తగులుతోందో దక్షిణామూర్తిగారు స్వయంగా నాలుగు వైపులనుంచీ పరిశీలించారు.

"సార్, ఈ స్తంభం చూడండి. పగులు" అంది వకుళ.

"ఏదమ్మా పగులు?"

వకుళ తిరిగి చూసింది. స్తంభం నున్నగా, నీలంగా మెరుస్తోంది. పెయింటర్లు పనిమంతులు. రంగు వేసేముందు పగులంతా లప్పంతో పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది మరీ వేశారు.

"రంగు కింద ఉందండి!"

"రంగు కింది భాగంలో మార్పు లేదు కదమ్మా. మార్పు చెందిన మేరకు మాత్రమే చూడమని ఉత్తర్వు" అని దక్షిణామూర్తిగారు ఆమె భుజం తట్టినంత పనిచేశారు. "రంగు మాత్రం దివ్యంగా ఉంది. తృప్తికరం అని రాస్తున్నాను."

జీపు వెళ్ళిపోయింది. కనిపించే పగులును చేజేతులా కప్పిపెట్టి, పైగా దానికి యోగ్యతాపత్రం ఇప్పించానని వకుళ తనను తాను తిట్టుకుంది. బడి హెడ్మిస్ట్రెస్ కరుణమ్మ టీచరు దగ్గరికెళ్ళి, పిల్లల్ని ఆ నీడలో కూర్చోనివ్వొద్దని బతిమాలింది.

"ఎక్కడ కూర్చోబెట్టమంటావు తల్లీ?" అంది కరుణమ్మ. "గదుల్లో రేకులు పెనంలా కాలిపోతున్నాయి. నేను గదమాయించి లోపలికి తోల్తాను, నేనిటు తిరగ్గానే మళ్ళీ అక్కడే ఉంటారు. పిల్లలకి చల్లగా ఉండే చోటు తెలుసు గానీ పగులుండే చోటు తెలుస్తదా? పైగా నువ్వే రంగేయించి సింగారించావు!"

ఆ మధ్యాహ్నం ఆమె ఎండలో నిలబడి, పిల్లలు అన్నాలు తిని లేచేదాకా కదల్లేదు. అప్పటినుంచి రోజూ ఆ వేళకు అక్కడికి వెళ్ళేది. వెళ్ళి తను చేసేదేమీ లేదని ఆమెకూ తెలుసు.

ఇంతలో గోరింతపాడుకు రాష్ట్రస్థాయి "అతివేగ తనిఖీల పురస్కారం" వచ్చింది. రాజధాని నుంచి పెద్దలు వచ్చి కమిషనరుగారికి శాలువా కప్పుతారట. సభ ఎక్కడ పెట్టాలా అని సమావేశం జరిగింది. టౌనుహాల్లో ఈమధ్యే ఫ్యాన్లు మార్చారు, అందుకని తనిఖీ చెయ్యాలి. పార్కులో కొత్త బెంచీలు వేశారు, దానికీ చెయ్యాలి. కల్యాణమండపానికి గేటు మారింది. వేదాద్రిగారు తల పట్టుకున్నారు.

"కుమ్మరిపేట స్కూల్లో ట్యాంకు కింద చల్లగా ఉంటుంది సార్" అంది వకుళ. "రంగుకు తృప్తికరం అని సంఘంవారే రాసిచ్చారు. మిగతా ట్యాంకులో ఏ మార్పూ లేదు." మొహంలో ఏమీ కనబడనివ్వకుండా చెప్పింది.

"చూశారా!" అన్నారు కమిషనరుగారు మిగిలినవాళ్ళతో. "సూత్రాన్ని ఒంటబట్టించుకోవడమంటే ఇదీ."

సభకు ముందురోజు సాయంత్రం బడి వదిలేశాక ఏర్పాట్లు చూడ్డానికి ఆయనే వచ్చారు. ట్యాంకు కింద వేదిక కట్టారు. మధ్యలో ఎర్ర మఖమలు సింహాసనం వేశారు. ఆయన దానిమీద కూర్చుని, రేపు శాలువా కప్పేటప్పుడు మెడ ఎంత వంచాలో చూసుకుంటున్నారు. టప్పున ఓ చుక్క బట్టతల మీద పడింది.

"ఇదేమిటి?"

"నీళ్ళు సార్" అంది వకుళ.

"ఎక్కణ్నించి?"

"పైనించి సార్. పగులుంది."

"పగులా! ఎప్పుడొచ్చింది?"

"ఎప్పుడో వచ్చింది సార్. చాలా పాతది. స్తంభానికున్నది ఇంకా పాతది. తమరు నిశ్చింతగా కూర్చోండి, మార్పేమీ లేదు."

వేదాద్రిగారు లేచిన ఊపుకు సింహాసనం వెల్లకిలా పడింది. వేదిక దిగి, ట్యాంకు నీడ దాటి, ఎండలోకి వెళ్ళాక గానీ ఆయన వెనక్కి తిరగలేదు.

"రేపు నేను అక్కడ రెండు గంటలు కూర్చోవాలమ్మా!"

"పిల్లలు రోజూ కూర్చుంటారు సార్."

"పిల్లల సంగతి వేరు, వాళ్ళకలవాటు! ఆ దక్షిణామూర్తిని పిలవండి ముందు!"

దక్షిణామూర్తిగారు జీపు కోసం ఆగకుండా ఎవరి స్కూటరు వెనకో కూర్చుని వచ్చారు. రంగుల అట్ట తేలేదు, సుత్తి తెచ్చారు. స్తంభం మీద ఒక్క దెబ్బ వేశారు. నీలంరంగుతో సహా లప్పమంతా పలకలు పలకలుగా ఊడి కాళ్ళ దగ్గర పడింది. లోపల ఇనుప కడ్డీలు తుప్పుపట్టి, చిక్కి, ఒకటి రెండు చోట్ల తెగిపోయి కనిపించాయి. ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"ఇది ఇన్నాళ్ళూ ఎలా నిలబడిందమ్మా?" అన్నారు నెమ్మదిగా.

"మీరు తృప్తికరం అన్నారు కదండీ" అంది వకుళ.

వెలుతురు ఉండగానే ట్యాంకు ఖాళీ చేయించారు. చుట్టూ కంచె వేయించారు. కూల్చివేతకు సంతకాలన్నీ అక్కడే, స్కూటరు సీటు మీద పెట్టుకుని చేశారు. కాలవలోకి నీళ్ళు హోరున పోతుంటే వకుళ బడి మెట్లమీద కూలబడి ఏడ్చింది. బతికిపోయారు పిల్లలు అనుకుంటే ఏడుపు, ఇన్నాళ్ళూ వాళ్ళను చూసి ఒక్కరూ ఇలా పరుగెత్తి రాలేదు కదా అనుకుంటే ఇంకా ఏడుపు వచ్చింది.

మర్నాటి సభ వాయిదా వేశారు గానీ, ఆఫీసులో ఇంకో చిక్కొచ్చిపడింది. మార్పు లేనిదాన్ని తనిఖీ చెయ్యడం ఉత్తర్వుకు విరుద్ధం. పురస్కారం వెనక్కిపోయే ప్రమాదముంది. "ఏం మార్పు చూసి తనిఖీ చేశామని రాయాలమ్మా?" అని దక్షిణామూర్తిగారు ఫైలు వకుళ ముందుకు తోశారు. వకుళ ఇలా రాసింది: "ట్యాంకులో ఏ మార్పునూ లేదు. దాని కింద కూర్చొనువారిలో మార్పు కలిగినది."

కమిషనరుగారు ఆ రెండు వాక్యాలనూ ఉత్తర్వు పక్కన పెట్టి చదివారు. తప్పుపట్టడానికి ఉత్తర్వులో ఏమీ దొరకలేదు. సంతకం చేసి, చట్టబద్ధంగా ఉండటం కోసం ఓ సవరణ కూడా జతచేశారు. "కమిషనరు వారు ఆసీనులు కానున్న ప్రతి స్థలమును మార్పు చెందినదిగా పరిగణించి, తక్షణము పూర్తిగా తనిఖీ చేయవలెను."

సవరణ నోటీసు బోర్డెక్కింది. సోమవారం పొద్దున ఆయన ఆఫీసుకు వచ్చేసరికి వరండా నిండా జనం, చేతుల్లో పూలదండలు. వేదాద్రిగారు ఉప్పొంగిపోయారు. పురస్కారం వార్త ఊళ్ళోకి బాగా పాకిందనుకుని, అందరినీ లోపలికి పంపమన్నారు.

ముందు కరుణమ్మ టీచరు వచ్చి దండ వేసింది. "మా స్కూల్లో తమరికి సన్మానమండి. మూడో తరగతి గదిలో, రేకుల కింద. ఒక్క పూట కూర్చుంటే చాలు. ఆ దూలం నేను వచ్చిన కాణ్నించీ అట్టాగే ఉంది."

ఆమె వెనక ప్రసూతి ఆసుపత్రి ఆయా నిలబడి ఉంది, కాన్పుల గది పైకప్పు కింద సన్మానమని. ఆమె వెనక పాత బస్టాండు కూలీలు, పెద్దకాలవ వంతెన మీద రోజూ కూరగాయలు మోసుకొచ్చే ఆడవాళ్ళు. వరస గేటు దాటి రోడ్డుమీదికి ఉంది. దండలు మీదపడుతున్నకొద్దీ వేదాద్రిగారి మొహం వాటిలో మునిగిపోయింది. ఆయన బిక్కుబిక్కుమంటూ వకుళ వైపు చూశారు.

వకుళ వినయంగా చేతులు కట్టుకుంది.

"ముందు దేని కింద కూర్చుంటారు సార్?"